మస్తూరా వదిన దవడ

మా అన్న తోలిబ్ భార్య మస్తూరా వదిన నోటికి మా ఊరు ఇస్ఫారాలో ఎదురు నిలిచినవాళ్లు లేరు. ఖుబానీ పండ్లు ఆరబెట్టే కొట్టంలో ఇరవై మంది ఆడవాళ్లం కలిసి పనిచేసేవాళ్లం. పండును రెండుగా చీల్చి, గింజ తీసేసి, పళ్లేల్లో పరిచి, తలుపులు బిగించిన గదిలో గంధకం పొగ పెడితే రంగు చెడదు. పొద్దున్నే ఆ గది తలుపు తెరవడం వదిన పని. మేమంతా తలగుడ్డలు ముక్కుకు అడ్డం పెట్టుకుని దూరం జరిగితే ఆమె మాత్రం లోపలికి నడిచేది.

"మా అత్త నోటికంటే ఘాటా ఏంటే ఈ పొగ?" అనేది నా వైపు చూస్తూ.

ఆ అత్త మా అమ్మే. అయినా నాకు నవ్వు ఆగేది కాదు.

పదకొండేళ్లు అలా తలుపు తెరిచాక ఆయాసం పట్టుకుంది. ఊపిరి తీస్తే రొమ్ములో పిల్లికూతలు. డాక్టరు పది రోజులకని చిన్న తెల్ల మాత్రలు రాసిచ్చాడు. నాలుగో రోజుకల్లా వదిన మిట్ట మీది మా ఇంటికి ఎక్కడా ఆగకుండా నడిచి వచ్చింది.

"ఏమే నొజీ, ఇవి మాత్రలు కావే, ప్రాణాలు" అంది.

పది రోజులు అయిపోయాయి, ఆయాసం మళ్లీ వచ్చింది. బజారులో మందుల కొట్టువాడు చీటీ అడగలేదు. తెచ్చిపెట్టేదాన్ని నేనే. అది స్టెరాయిడ్ అని వదినకూ తెలియదు, నాకూ తెలియదు. తెలిసినా ఏం చేసేవాళ్లమో! అలా తొమ్మిదేళ్లు గడిచాయి.

వదిన మొహం గుండ్రంగా నిండింది. పెళ్లిళ్లలో ఆడవాళ్లు బుగ్గలు గిల్లి "తోలిబ్ బాగా మేపుతున్నాడు" అనేవాళ్లు. చేతులు మాత్రం సన్నబడ్డాయి. చిన్న దెబ్బ తగిలినా చర్మం నల్లగా కమిలేది. ఆ మచ్చలు చూసి, అన్న కొడుతున్నాడనుకుని, మా అమ్మ చీపురు తిరగేసి అతని వెంట పడింది. వదిన నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది.

తర్వాత ఎడమ దవడ పన్ను ఒకటి పుచ్చితే ఊళ్లోనే పీకించుకుంది. ఆ గుంట పూడలేదు. నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి. చీము పట్టింది, బుగ్గ ఉబ్బింది, చివరికి దవడ కింద చర్మానికి చిల్లు పడి చీము బయటికి కారింది. ఖుజంద్ పట్నం ఆసుపత్రిలో నోరు, దవడలు కోసే విభాగానికి తీసుకెళ్లాం. డాక్టర్ షాహిస్తా ఎక్స్‌రే తీయించి చూసి, ఎముక చచ్చిపోయిందని, ఆ ముక్క తీసెయ్యాలని చెప్పింది. వారం తర్వాత రమ్మంది.

ఆ వారంలో కొట్టంలో ఎవరో అన్నారట, రోజూ మాత్రలు మింగేవాళ్లని తెలిస్తే కొయ్యరు, వెనక్కి పంపేస్తారని. వదిన ఆ రోజు నుంచే మాత్రలు మానేసింది. నా చేత రొట్టె మీద ఒట్టు వేయించుకుంది.

"నోరు విప్పావో, నీ పెళ్లినాటి కథలన్నీ ఊరంతా చెప్తా" అంది.

రోజురోజుకూ నీరసం, ఆయాసం, వాంతులు. కోతంటే భయమేమో అనుకున్నాం.

ఆసుపత్రిలో కాగితం నింపుతూ డాక్టరు అడిగింది, "రోజూ ఏమైనా మందులు వాడుతున్నావా అమ్మా?"

"మందులెందుకమ్మా, నాకు మొగుడే మందు. చేదుగా ఉంటాడు గానీ పనిచేస్తాడు."

డాక్టరు నవ్వి, లేదని రాసుకుంది. నేను పక్కనే ఉన్నాను, నేల చూస్తూ నిలబడ్డాను.

పొద్దున కోత అయింది. మధ్యాహ్నానికి వదిన ఒళ్లు చల్లబడింది. రక్తపోటు పడిపోతూనే ఉంది. లోపల నెత్తురు కారుతోందేమోనని కట్టు విప్పి చూశారు, ఏమీ లేదు. సెలైన్ ఎంత ఎక్కించినా నిలబడలేదు. పెదాలు బూడిద రంగుకు తిరిగాయి. డాక్టరు నన్ను భుజం పట్టి తన వైపు తిప్పుకుంది.

"ఏం దాస్తున్నారు? చెప్పు. నాకు టైం లేదు."

ఒట్టు తీసి గట్టున పెట్టాను. తొమ్మిదేళ్ల సంగతీ ఒక్క ఊపిరిలో చెప్పేశాను. వెంటనే నరంలోకి ఆ జాతి మందే ఎక్కించారు. గంటలో వదిన కళ్లు తెరిచింది. దవడ కట్టు వల్ల మాట రాలేదు. నన్ను చూసిన చూపులో మాత్రం తిట్లన్నీ ఉన్నాయి.

తర్వాత డాక్టరు నన్ను కూర్చోబెట్టి చెప్పింది. "ఇలాంటి మందు ఒంట్లోనూ ఊరుతుంది, రోజూ బయటి నుంచి పోస్తుంటే ఆ ఊట ఎండిపోతుందమ్మా. ఒక్కసారిగా మానేసి కోతకొస్తే తట్టుకునే బలం ఎక్కడిది? ముందే చెప్పుంటే కోతకు ముందే ఇచ్చేదాన్ని. దవడ వాపు తగ్గడానికి మేమూ ఇస్తాం దీన్ని, రెండు రోజులో మూడు రోజులో. తప్పు మందుది కాదు, తొమ్మిదేళ్లది."

"మరి దవడ మానుతుందా?"

"ఆ మాత్రలు ఉన్నంతకాలం పుండు మానడం కష్టం. కొంచెం కొంచెంగా తగ్గించాలి. గంధకం దగ్గరికి అసలు పోకూడదు."

తగ్గించాం. పావు మాత్ర తగ్గిస్తే చాలు, వదిన గోడ పట్టుకుని ఊపిరి కోసం కొట్టుకునేది. ఊపిరితిత్తుల డాక్టరు మోతాదు పెంచాడు. పెంచితే దవడలో చీము తిరగబెట్టింది. దవడ డాక్టరు తగ్గించమంది. ఇద్దరూ మంచివాళ్లే, ఇద్దరూ నిజమే చెప్పారు. ఆరు నెలలు ఆ గది నుంచి ఈ గదికి తిరిగాం. ఈలోగా ఎముక ఇంకా చచ్చింది. రెండోసారి కోసి ఎడమవైపు కింది దవడ సగం తీసేశారు. ఈసారి ముందే మందు ఎక్కించారు గనుక ప్రాణానికి ఏమీ కాలేదు. కొత్త ఎముక వేస్తారా అని మా అన్న అడిగాడు. వేసినా అతుక్కోదంది డాక్టరు.

వదిన మొహం ఒక పక్కకు కుంగిపోయింది. షుర్బా చారులో నానిన రొట్టె తప్ప మింగలేదు. మాట తడిగా, ముద్దగా వచ్చేది. ఇంట్లో ఉండలేక, ఎండాకాలం రాగానే కొట్టానికి వస్తానంది. గంధకం గదికి దూరంగా, పండ్లు చీల్చే చోట కూర్చోబెట్టాను. అక్కడికీ ఆ వాసన వస్తుంది. వద్దని చెప్పే మొహం నాకెక్కడిది?

మొదటి రోజే ఏదో హాస్యమాడింది. ఎవరికీ అర్థం కాలేదు. ఒక క్షణం ఆగి అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. వదిన కత్తి ఆపి ఒక్కొక్కరి మొహం చూసింది. నా దగ్గర ఆగింది.

"ఏవన్నానే?" అంది. ఈసారి ప్రతి అక్షరం కూడబలుక్కుని పలికింది.

నేను తల దించుకుని బుట్టలోంచి ఇంకో పండు తీసి చీల్చాను.

వదిన తలగుడ్డ చెంగుతో పెదవి తుడుచుకుని పండ్లబుట్ట దగ్గరికి లాక్కుంది. ఆ ఎండాకాలమంతా రోజూ వచ్చింది, అందరికంటే ఎక్కువ పండ్లు చీల్చింది. ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పుడు ఇంట్లో కూడా మా అన్నకు చేత్తోనే సైగ చేస్తుంది. పొద్దున్నే లేచి రెండు తెల్ల మాత్రలు తనే తీసుకుని, నీళ్లు గొంతులోకి పోయేలా తల వెనక్కి వాల్చి మింగుతుంది.