సంతోషమ్మ అత్తకు నేను చదివి వినిపించని మూడు వాక్యాలు

నిన్న పొద్దున కలకత్తా సాల్ట్ లేక్‌లో మా ఆఫీసులో కూర్చుని, ఆన్‌లైన్‌లో ఎవరో పెద్దమనిషితో వాదిస్తున్నాను. హౌరాలో నేను పెరిగిన టికియాపారా తెలుగువాళ్ల ఇళ్ల లైన్ నుంచి మెసేజ్ వచ్చింది. "సంతోషమ్మ అత్త పోయింది."

నేనేం చేశానో తెలుసా?

వాదన పూర్తి చేశాను. కామెంట్ పోస్ట్ చేశాను. ఆ తర్వాత ఏడ్చాను.

ఆ వరస తలుచుకుంటేనే సిగ్గేస్తోంది. కానీ అంతకంటే పెద్ద సిగ్గు ఇంకోటి ఉంది. అది చెప్పడానికే ఈ పోస్ట్.

అత్త నాకు చుట్టం కాదు. మా అమ్మ స్నేహితురాలు. రైల్వే ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైంది. నేను మా తెలుగు చర్చి మానేసి ఇరవై ఏళ్లు. అమ్మ పోయాక ఆ లైన్‌లో నన్ను "అమ్మీ" అని పిలిచే మనిషి ఆవిడొక్కతే మిగిలింది.

అయినా కోత పండుగకి మాత్రం వెళ్తాను. వాదించడానికి ఏదో ఒకటి దొరుకుతుందని.

ఆ రోజు గుమ్మడికాయలు, అరటిగెలలు ముందు పెట్టి, ఇంటికొకరు లేచి ఈ ఏడాది తాము ఏం ఫలించారో చెప్పాలి. ఒకరు కొడుకు ప్రమోషన్ చెప్తారు. ఒకరు ఫలానా కుటుంబాన్ని క్రీస్తు రక్షణలోకి నడిపించామంటారు. అత్త వంతు వస్తే ప్రతి ఏడూ ఒకటే మాట.

"నాకేటీ కాయనేదు బాబూ. ఇంకో ఏడు సూస్తాను."

చర్చంతా నవ్వేది. ఆవిడా నవ్వుతూ కూర్చునేది.

పోయినేడాది ఆ నవ్వులు విని, ఒళ్లు మండి, ఇంటికొచ్చి పోస్ట్ రాశాను. ఆత్మ ఫలాలని బైబిల్ చెప్పే సాత్వికం, దీర్ఘశాంతం అనే మాటలతో ఆడవాళ్ల నోళ్లు ఎలా మూయిస్తున్నారో రాశాను. ఆ వాదన ఇప్పటికీ నాదే. పాస్టర్ గారూ, మీరప్పుడే సంబరపడకండి.

కానీ వాదనకి ఉదాహరణ కావాలి కదా.

అత్తను పెట్టాను. పేరు రాయలేదు. రైల్వే ఆసుపత్రి ఆయా అంటే మా లైన్‌లో ఇంక పేరెందుకు? చనిపోయిన ఆమె భర్త బతికుండగా ఆమెను ఎలా కొట్టేవాడో రాశాను. అంత ఓర్చుకున్న ఆ చెట్టుకి ఏమీ కాయలేదని తనే ఒప్పుకుంది చూడండి అని ముగించాను. మొత్తం మూడు వాక్యాలు.

ఆ దెబ్బల సంగతి అత్త మా అమ్మ ఒక్కదానికే చెప్పుకుంది. పక్క గదిలో హోంవర్క్ చేసుకుంటూ నేను విన్నాను.

పోస్ట్ కింద ఎర్ర గుండెలు వరస కట్టాయి. "నిప్పులాంటి నిజం మేడమ్" అన్నారు. మురిసిపోయాను.

అత్తకు చదువు రాదు. ఆవిడ మనవలు తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. కొన్నాళ్లకి నాకు కబురు పెట్టింది. వెళ్తే మంచం మీద పక్కనే కూర్చోబెట్టుకుంది.

"నా గురించి ఏటో రాసినావంట అమ్మీ. సదివి ఇనిపించు."

చదివాను. మీటింగుల్లో చదివినట్టు గొంతు పెంచి మరీ చదివాను. ఆ మూడు వాక్యాల దగ్గరికొచ్చేసరికి దాటేశాను.

"అంతేనేటి?"

"అంతే అత్తా."

టీ పెట్టి ఇచ్చింది. వచ్చేస్తుంటే గుమ్మం దాకా వచ్చింది. నేను చెప్పులేసుకుంటుండగా అంది.

"నువ్వు ఇడిసేసిన ముక్క పాస్టరు బాబు ముందే సదివేసినారులే. నీ నోట ఇందారని పిలిసినాను. మా అమ్మీ ఎవులికీ బయపడదు, ఏదైనా మొకం మీదే సెప్తాదని అందరికీ సెప్పుకుంటాను గదా."

ఆటో ఎక్కేశాను.

మళ్లీ వెళ్తాననుకున్నాను. ఆర్టికల్ ఉందనుకున్నాను, మీటింగ్ ఉందనుకున్నాను, హౌరా ట్రాఫిక్ అనుకున్నాను. అవన్నీ అబద్ధాలు. భయపడ్డాను.

నిన్న మధ్యాహ్నం వెళ్తే, శవపెట్టె పక్కన అత్త పక్కింటి రోజీ కూర్చుని ఉంది. పేరు మార్చాను. తనను అడిగే రాస్తున్నాను. ఈసారైనా అడిగాను.

భర్త తననీ కొట్టేవాడట. నా పోస్ట్ సంగతి లైనంతా పాకాక, మీకూ ఇలాగే జరిగిందా అని అడగడానికి రోజీ వెళ్లి అత్త తలుపు కొట్టిందట. అత్త వెనక్కి తిరిగి, జాకెట్టు కాస్త దించి, వీపు మీది మచ్చలు చూపించిందట.

"నాను పడ్డాను. నువ్వు పడకు" అందట.

అప్పట్నుంచీ రోజీ, పిల్లా అత్త ఇంట్లోనే. అతనొచ్చి కేకలేస్తే అత్త గుమ్మానికి అడ్డంగా స్టూలేసుకుని, చిక్కుడుకాయలు వలుస్తూ కూర్చునేదట. "లోనికెళ్లాలంటే నన్ను తొక్కుకుని ఎల్లు బాబూ" అనేదట.

ఈ ఏడు నేను మొహం చాటేసిన కోత పండుగకి రోజీని పక్కన కూర్చోబెట్టుకునే లేచి నిలబడిందట. ఏటీ కాయనేదని మళ్లీ అదే చెప్పిందట.

ఇది విని నాకేమనిపించిందో దాచకుండా చెప్తాను.

ఒక్క క్షణం గర్వం కలిగింది. చూశారా, నా పోస్ట్ వల్లే కదా అనుకున్నాను. ఆవిడ శవం పక్కన కూర్చుని అనుకున్నాను.

కాదు. నేను ఒక ముసలామె గాయాన్ని అడక్కుండా ఊరందరికీ చూపించాను. ఆవిడ ఆ గాయాన్ని తనంతట తాను ఒక పిల్లకి చూపించి, ఆ పిల్లకి తన మంచంలో చోటిచ్చింది. రెండూ ఒకటేనని ఎవరైనా కామెంట్ పెడితే నేను వాదించను. బ్లాక్ చేస్తాను.

ఆవిడలో ఏం పండిందో అంచనా కట్టడానికి నేనెవర్ని? ఎదుటివాళ్ల తోటల్లోకి రాళ్లు విసరడమే తప్ప, నేను ఎవరికి ఏం పండించానని?

అత్తా, ఆ రోజు నీ కళ్లలోకి చూసి ఆ మూడు వాక్యాలూ చదవాల్సింది. చదివి నీ ముందు నిలబడాల్సింది. తిడతావో, నవ్వుతావో, చెంప మీద ఒకటిస్తావో, అది నీ ఇష్టం. ఆ వంతు కూడా నీకు రానివ్వలేదు.

క్షమించమని ఇప్పుడు అడగను. కాదనలేని మనిషిని అడగడం కూడా తప్పించుకోవడమే.

ఇంక హాయిగా పడుకో అత్తా. నీకు శాంతి దొరకాలి.

నాకు మాత్రం ఇప్పుడప్పుడే వద్దు.