ఊపి చూసే వామన్‌రావు బావ

మా అక్క మొగుడు వామన్‌రావు బావకు నాలుగు కాళ్లున్నది ఏది కనబడ్డా పట్టుకుని ఊపాల్సిందే. ఒక్క బర్రెలను మాత్రం వదిలేసేవాడు, అదీ తంతాయని.

ఆబిడ్స్‌లో హోటల్‌కు వెళ్తే, కూర్చునే ముందే బల్లను ఊపేవాడు. ఎదుటివాళ్ల చాయ్ ఒళ్లో ఒలికేది.

"ఏంది సాబ్ గిది?" అని వాళ్లు లేస్తే, "దీనికి మూల నుంచి మూలకు ఏటవాలు కట్టె లేదు. చతురస్రం ఒరుగుతది, త్రికోణం ఒరగదు" అని అక్కడే పాఠం మొదలు! బడిలో డ్రాయింగ్ మాస్టరు మరి.

నా పెళ్లిచూపుల్లో అమ్మాయివాళ్ల కుర్చీ ఊపితే కాలు ఊడి చేతికొచ్చింది. ఆ సంబంధం అక్కడితో సరి.

"కుర్చీయే గట్టిగ లేదు, సంబంధమేం గట్టిగుంటది?" అన్నాడు. మండదూ నాకు!

అరవైమూడులో, నాంపల్లిలో నుమాయిష్ ఎగ్జిబిషన్ మొదలయ్యే ముందురోజు. మా గల్లీల్లో గంప నెత్తిన పెట్టుకుని గాజులమ్మే పోశవ్వ మొదటిసారి అక్కడ దుకాణం వేసింది. గుంజలు, అడ్డకర్రలు, పైన తడక. సాయంత్రం ఇన్‌స్పెక్టర్ చూసి సరే అనకపోతే ఆ జాగా ఇంకొకరికి పోతుంది. బావా నేనూ చూడబోయాం. ఆమె గాజుల గంప దించుతుండగా బావ గుంజ పట్టుకున్నాడు. "వద్దు బావా!" అనేలోపే దుకాణమంతా పక్కకు ఒరిగి నేలమీద చాపలా పరుచుకుంది.

"నా కొంప ముంచితివి గద సారూ!" అని పోశవ్వ నెత్తి కొట్టుకుంది.

"గాజులు పెట్టినంక పడితే ఏం జేస్తుంటివి?" అంటూనే బావ మాయమయ్యాడు. చుట్టుపక్కల దుకాణాలవాళ్లంతా నన్ను తిట్టడం మొదలుపెట్టారు. సిగ్గుతో చచ్చాను.

కాసేపటికి రిక్షాలో పెద్ద నవారు చుట్టతో దిగాడు. గుంజలు లేపించి, వెనకా, రెండు పక్కలా మూల నుంచి మూలకు గుణకారం గుర్తులా నవారు బిగించాడు.

"ముంగట గిట్ల కడితే గిరాకి ఎట్ల లోపలికొస్తది?" పోశవ్వకు మళ్లీ గాబరా.

"ముంగట వదిలేస్తం. దాని బదులు పైకప్పుకు కడతం. కప్పు బిగిస్తే ముంగటి గుంజలు ఎటూ పోవు."

ఇన్‌స్పెక్టర్ వచ్చి గుంజను తోశాడు. కదల్లేదు. "ఔ, మంచిగున్నది" అని ముందుకు సాగాడు. పోశవ్వ కళ్లు తుడుచుకుని గాజులు సర్దసాగింది. బావ మీద నా కోపమంతా దిగిపోయింది.

అంతలో మా అక్క అనసూయ రొప్పుతూ వచ్చింది. "మంచం నవారు ఇప్పుకొచ్చిన్రా?"

"అయ్యో, మీ ఇంటిదా సారూ?" పోశవ్వ చేతులు ఆగిపోయాయి.

"ఫికర్ జెయ్యకు. నుమాయిష్ అయ్యేదాంక నేను నేలమీద పండుకుంట. నేల ఊగదు" అన్నాడు బావ.

"మీరెందుకు? ఇప్పింది నా మంచం!" అంది అక్క.

అక్క నవారు వంక చూసింది, పోశవ్వ వంక చూసింది. ఫక్కున నవ్వి చెయ్యి చాపింది.

"బోణీ నాదే పోశవ్వా. జర బిగువైనవి ఎక్కియ్యి. వదులుగుంటే ఈయన ఊపి చూస్తడు."