చీరంచు మీద నత్త

చీరల అంగళ్లలో మగవాళ్లకు వేసే ప్లాస్టిక్ స్టూళ్ల గురించి ఎవరో ఒకరు గట్టిగా అడగాలి. ఆడవాళ్లకు మెత్తటి పరుపు, ఆనుకోను దిండు, తాగను బాదం పాలు. వెంట వచ్చిన మగవాడికి వీపు వాల్చుకునే యోగం లేని స్టూలు, అదీ ఫ్యాను గాలి సరిగ్గా వెనక్కి మళ్లిపోయే చోట. పోయిన నెల మా అమ్మాయి పెండ్లి చీరల కోసం హిందూపురం పోయి, అటువంటి స్టూలు మీద రెండున్నర గంటలు కూర్చున్నాను. పక్కన పరుపు మీద, ధర్మవరం నుంచి పనిగట్టుకుని వచ్చిన మా చిన్నమ్మ. పట్టుచీర ఏదైనా ఆమె వేలితో తడిమి ఊ అంటేనే మా ఇంట్లోకి వస్తుంది. అంగడతను ఒక మెరూన్ చీర విప్పి, అంచు మా ముందు పరిచి, "ఇది శంఖం బార్డరమ్మా. తాతల కాలం నాటి డిజైను. గుళ్లో స్తంభం మీద చూసి తీసింది" అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. అందులో స్టూలు మీది కోపం కొంత కలిసి ఉండవచ్చు, కాదనను. కానీ అది శంఖం కాదు. నత్త. తాతల కాలం నాటిది కాదు, దాని వయసు ఇరవై చిల్లర. పుట్టింది గుళ్లో కాదు, ఒక కంప్యూటర్ ఆటలో. ఈ సంగతి లోకంలో ముగ్గురికే తెలుసు. అందులో ఒకరు ఇప్పుడు లేరు, ఒకరు బాదం పాలు తాగుతున్నారు. మూడో వాడిని నేను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, హిందూపురంలో డిగ్రీ ముగించి, ఆరు నెలల కంప్యూటర్ కోర్సు కూడా చేసి, ఆ సర్టిఫికెట్టుకు లామినేషన్ చేయించుకుని, పెనుకొండలో మా ఇంట్లో ఖాళీగా ఉండేవాణ్ణి. కంప్యూటర్ని పద్ధతిగా ఆపడం నాకు వచ్చు. మా బంధువుల్లో అంతకు మించిన విద్వాంసుడు లేడు. అందుకని ధర్మవరం నుంచి చిన్నమ్మ కబురు పెట్టింది. చిన్నాయన మగ్గం నేసేవాడు. చీర అంచులకు, కొంగులకు బొమ్మలు గీసేది చిన్నమ్మ. గ్రాఫు కాగితం మీద గడి గడికీ పెన్సిలుతో చుక్క పెట్టి హంసను, రుద్రాక్షను, మల్లెమొగ్గను తయారు చేసేది. ఆ కాగితం చూసి అట్టలకు రంధ్రాలు కొట్టేవారు. ఆ అట్టలను మగ్గం పైనున్న జకార్డు యంత్రానికి తగిలిస్తే, బొమ్మ బట్టలోకి దిగేది. పదిహేనేండ్లు గీసింది. పట్టు ఇచ్చి చీరలు తీసుకునే షావుకారు ఒకరోజు వచ్చి, ఇక మీదట డిజైన్లు కంప్యూటర్లో చేసినవే కావాలి, చేతి గ్రాఫులు వద్దు, ఆషాఢం దాకా చూస్తాను, కాకుంటే బెంగళూరులో వేరే మనిషిని పెట్టుకుంటాను అన్నాడు. చిన్నాయన బెంగళూరు పోయి ఒక పాత కంప్యూటరు కొని, దాని టీవీలాంటి భాగాన్ని ప్యాసింజరు రైల్లో పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. డిజైన్ చేసే సాఫ్ట్‌వేరు అందులోనే ఉంది. దాన్ని నడిపే మనిషే లేడు. నేను పోయి నేర్పడం మొదలుపెట్టాను.

చిన్నమ్మకు మౌసు పట్టుబడలేదు. పదిహేనేండ్లు పెన్సిలు వణకని చెయ్యి, ఆ ప్లాస్టిక్ ముద్ద మీద పెట్టగానే బాణం గుర్తు తెర మూలకు పోయి దాక్కునేది. "ఇది చెప్పిన మాట వినదప్పా, మీ చిన్నాయన మాదిరే" అని లేచిపోయేది. నాలుగు రోజులు గడిచాయి. అయిదో రోజు నేను హిందూపురం పుస్తకాల అంగట్లో కొన్న ఒక కంప్యూటర్ పత్రిక వెంట సీడీ ఉచితంగా వస్తే, ఏమీ తోచక అందులో పెట్టాను. సీడీ నిండా చిన్న చిన్న ఆటలు. పెద్ద కంపెనీలవి కావు. ఎవరో ఇద్దరు ముగ్గురు ఇంట్లో కూర్చుని చేసినవి. ఒకదాంట్లో ఒక మేఘం ఉంటుంది. ఎండుతున్న కుండీల మీదికి దాన్ని తోసి వాన కురిపించాలి, ఎక్కువ కురిపిస్తే జలుబు చేసి తుమ్ముతుంది. ఇంకొకదాంట్లో ఒక కోడి గుడ్ల మీద కూర్చుని నిద్రపోకుండా దానికి కబుర్లు చెబుతూ ఉండాలి. అప్పటిదాకా నేనెరిగిన ఆటలన్నీ హిందూపురం ఇంటర్నెట్ సెంటర్లో కుర్రాళ్లు తుపాకులతో ఆడేవి. ఈ ఆటల గురించి తర్వాత అక్కడ చెబితే, "అవి ఆటలేనా, ఆడోళ్లవి" అన్నారు. గోడ చాటున నక్కి ముఖం తెలియని వాణ్ణి కాల్చడం ఏ విధంగా మగతనమో అప్పుడు అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు.

చిన్నమ్మ నిలిచిపోయింది మాత్రం నత్త దగ్గర. అది టపా నత్త. గుల్ల మీద చిన్న సంచీ, అందులో ఉత్తరాలు. మౌసుతో దానికి దారి చూపిస్తూ ఇంటింటికీ తీసుకుపోవాలి. ఎండొస్తే మెల్లగా పోతుంది, వానొస్తే హుషారు. ఆలస్యమైతే ఎవరూ చావరు. తలుపు తీసిన కప్ప, రేపు రా అని తలుపు వేసుకుంటుంది, అంతే. ఏమీ చేయకుండా ఊరికే చూస్తూ ఉంటే నత్తకు విసుగొచ్చి, సంచీలోంచి చిన్న అద్దం తీసి కొమ్ములు సరిచేసుకుంటుంది. అది చూసి చిన్నమ్మ నవ్వినంత నవ్వు ఆ ఇంట్లో నేను అంతకుముందు వినలేదు. వారం రోజుల్లో మౌసు ఆమె చేతి కింద పెన్సిలయింది.

ఇక్కడే నాకు మొదటి కోపం. ఆ ఆట మొత్తం అరవై నిమిషాలే ఉచితం. తర్వాత ఆగిపోతుంది. ముందుకు పోవాలంటే డాలర్లు కట్టాలి, కార్డు నంబరు చెప్పాలి. మా దగ్గరున్న ఒకే ఒక కార్డు రేషన్ కార్డు. చిన్నమ్మ ఆ గంటను రేషన్ చక్కెర వాడినట్టు వాడింది. రోజుకు నాలుగు నిమిషాలు, గోడ గడియారం చూసుకుని. నాలుగు నిమిషాలు మిగిలాక ఆపేసింది. "ఎందుకు చిన్నమ్మా?" అంటే, "ఉండనీలే. అయిపోతే అయిపోయినట్లే కదా. ఇట్లయితే ఇంకా ఉండాది" అంది. కొన్నేండ్లకు ఆ కంప్యూటరు పాడై తూకానికి పోయింది. ఆ నాలుగు నిమిషాలూ అందులోనే పోయాయి.

రెండో కోపం అసలైనది. ఆటలో ఒక మూల నొక్కితే దాన్ని చేసిన వాళ్ల పేర్లు వస్తాయి. చదివి చెప్పమంది. మొగుడి పేరు, ఆట నడిచే లెక్కలన్నీ అతనివి. పెండ్లాం పేరు, బొమ్మలన్నీ ఆమెవి. కింద ఒక పిల్లి పేరు, కీబోర్డు మీద పడుకుని సహకరించినందుకు. చిన్నమ్మ తెరకు దగ్గరగా జరిగింది.

"ఇంట్లోనే చేసినారంటనా?"

"అవును."

"పిల్లి పేరు గూడా వేసినారా?"

"వేసినారు."

"పదిహేనేండ్లయిందప్పా నేను గీసేది. ఈ ఊర్లో ఎన్ని చీరల మీద ఉండాదో నా బొమ్మ. యాడన్నా నా పేరు ఉందా?"

ఎక్కడా లేదు. చీరకు షావుకారు పేరుంటుంది, అంగడి పేరుంటుంది, ఊరి పేరుంటుంది. బొమ్మ గీసిన వాళ్ల పేరు వేసే ఆచారం లేదు. ఒక విదేశీ పిల్లికి దక్కిన మర్యాద ధర్మవరంలో మా చిన్నమ్మకు దక్కకపోవడం నాకు నేటికీ మింగుడుపడదు.

ఆమె ఊరికే ఉండలేదు. షావుకారుకు చూపించాల్సిన మొదటి కంప్యూటర్ డిజైను నత్తతోనే మొదలుపెట్టింది. అంచు పొడవునా వరుసగా పాకే నత్తలు. సంచీ తీసేసి, గుల్ల చుట్ల మధ్య, గడి గడికీ చుక్క పెట్టి, తన పేరులోని మూడక్షరాలు దాచింది. (ఆ పేరు ఇక్కడ రాస్తానంటే ఒప్పుకోలేదు. ఇప్పుడేం అవసరం అంది.) అంతా అయ్యాక నన్ను ఒక మాట అడిగింది. ఆమె వాడే గ్రాఫు కాగితంలో గడులు చదరంగా ఉండవు. అంగుళానికి నిలువున పోయే పడుగు పోగులు ఎక్కువ, అడ్డంగా పోయే పేక పోగులు తక్కువ కాబట్టి, ఆ లెక్కకు తగ్గ గడుల కాగితమే తెచ్చుకునేది. తెర మీద గడులు మాత్రం చదరంగా కనిపిస్తున్నాయి. "పడుగు లెక్క, పేక లెక్క దీనికి చెప్పినావా?" అంది. సాఫ్ట్‌వేరు మొదట్లోనే ఆ రెండు అంకెలు అడిగింది. నేను అంకెలు వేయకుండా ఎంటర్ నొక్కాను. ఆ వివరమంతా ఆమెకు చెప్పి గందరగోళపెట్టడం ఎందుకని, క్లుప్తంగా ఏదో సమాధానం చెప్పాను.

ప్రింటు తీశారు, అట్టలు కొట్టారు, చిన్నాయన మగ్గం ఎక్కాడు. బట్ట మూరెడు దిగేసరికి నత్త పొడవునా సాగిపోయింది. గుల్ల కోసుగా తేలింది. కొమ్ములు కలిసిపోయి ఒకే మొన అయ్యాయి. మూడక్షరాలు సన్నగా సాగి గీతలయ్యాయి. మార్చడానికి వ్యవధి లేదు, ఆషాఢం దాటింది. షావుకారు వచ్చాడు. అంచు వెలుతురుకు పెట్టి చూశాడు.

"అబ్బబ్బా, శంఖం! పెండ్లికి ఎంత శుభం. ఇదమ్మా కంప్యూటరు పని అంటే!"

చిన్నమ్మ నోరు తెరిచింది. అంతలో చిన్నాయన, "అవునన్నా, శంఖమే" అన్నాడు. ఆయన మీద నాకున్న గౌరవంలో ఒక భాగం ఆ రోజు ఆ మగ్గం గుంటలోనే ఉండిపోయింది. చిన్నమ్మ అంతటితో వదల్లేదు. వేలు పెట్టి చూపించింది.

"అన్నా, ఈడ నా పేరు ఉండాది. మూడక్షరాలు."

"యాడమ్మా?"

"ఈడ."

షావుకారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశాడు. "శంఖానికి గీతలుంటాయి లేమ్మా" అని, అదే అంచుతో ఇరవై చీరలు నేయమన్నాడు. బెంగళూరు మనిషి సంగతి మళ్లీ ఎత్తలేదు. ఆ తర్వాత చిన్నమ్మ పన్నెండేండ్లు ఆ ఇంట్లోనే డిజైన్లు చేసింది. పని నిలిచింది, పేరు పోయింది. అది నత్తలాగే వచ్చి ఉంటే పెండ్లి చీర మీద పురుగేమిటని షావుకారు ఆ రోజే లేచిపోయేవాడేమో. ఆ ఆలోచన నాకూ వచ్చింది. దాన్ని నేను పెద్దగా ప్రోత్సహించలేదు.

ఆ అంచును తర్వాత ఎవరెవరో చూసి గీసుకున్నారు, ఊళ్లు దాటింది, చివరికి గుడి స్తంభం ఎక్కి కూర్చుంది. అందుకే హిందూపురం అంగట్లో అంత గట్టిగా మాట్లాడాను. ఇది నత్త అన్నాను. టపా నత్త అన్నాను. దీన్ని ఊహించిన వాళ్లు ఎక్కడో ఒక మొగుడూ పెండ్లాం, బట్టలోకి దించింది ఇదిగో ఈమె, ఈ గీతలు ఈమె పేరు, తాతల కాలమని చెప్పడానికి నోరెలా వచ్చిందని అడిగాను. పరుపుల మీది ఆడవాళ్లు చీరలు వదిలి నన్ను చూశారు. అంగడతను ఖాళీ గ్లాసులు ఏరుకుంటూ, "నత్తంటే ఎవరు కొంటారు సార్" అన్నాడు. మా అమ్మాయి తల దించుకుంది.

చిన్నమ్మ గ్లాసు కింద పెట్టింది. మెరూన్ చీర అంచు దగ్గరికి లాక్కుని, గీతల మీద ఒకసారి వేలు నడిపి, దాన్ని తీసుకునే చీరల వైపు వేసింది. తర్వాత నా వైపు చూసి అంది:

"పడుగు లెక్క చెప్పినావా అంటే, 'అది కంప్యూటరు చిన్నమ్మా, దానికి తెలుసు' అన్నది నువ్వే కదప్పా. ఇరవై ఏండ్లు పోయినాక ఈయప్ప మీద ఏంటికి అరుస్తాండావు?"