ఎర్ర దుమ్ము మీద వేసిన నింద

నా కంప్యూటర్‌లో ఒక హార్డ్ డిస్క్ ఉంది. అది పాడైపోయిందని ఒక మనిషికి చెప్పాను. పాడవలేదు. ఈ మాటలు టైపు చేస్తుంటే కూడా లోపల తిరుగుతూనే ఉంది. ఆ సన్నటి గరగర వినలేక ఒక్కోసారి ఫ్యాను వేగం పెంచుకుంటాను. ఏళ్లుగా ఈ బరువుతోనే వంట చేశాను, పిల్లలకు పాఠాలు చెప్పాను, చర్చిలో మోకరించి మిగతా తప్పులన్నీ ఒప్పుకుని దీన్ని మాత్రం దాటేశాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది బచేలి రైల్వే కాలనీ. మా ఆయన ఉద్యోగం కోసం శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాం. కొండ మీది గనుల నుంచి ఇనుప ఖనిజం దిగే ఊరు. దండెం మీద తెల్ల చొక్కా ఆరేస్తే సాయంత్రానికి ఎర్రబడుతుంది. మిక్సీ పాడైనా, గడియారం ఆగినా, దగ్గు పట్టుకున్నా మేమంతా ఆ ఎర్ర దుమ్మునే తిడతాం. దుమ్ము వల్ల అని చెబితే ఇక్కడ ఎవరూ మారు మాట అడగరు.

నేను ఒక చిన్న స్కూల్లో కంప్యూటర్ చెబుతాను. ఇంట్లో ఉన్నది పాత కంప్యూటర్. విండోస్‌తో ఈడ్చుకుంటూ నడిచేది కాబట్టి లినక్స్ వేశాను. లినక్స్‌లో ఉబుంటు, మింట్, ఫెడోరా అంటూ బోలెడు రకాలున్నాయి, అన్నీ ఉచితమే. ఒకటి తీసేసి ఇంకొకటి వేసుకోవడం నాకు వ్యసనమైపోయింది. కొత్తది వేసిన రోజు ఇల్లంతా కడిగి కొత్త కర్టెన్లు తగిలించినంత సంబరం. మా ఆయన చూసి, "మళ్లీ కాపురం మార్చీసినావేటి?" అని ఏడిపించేవారు. కాలనీలో అందరూ నన్ను కంప్యూటరక్క అంటారు. ఆ పిలుపంటే నాకు చాలా ఇష్టం. నా భయమంతా ఆ పిలుపు దగ్గరే మొదలైందేమో.

ఆ మనిషి అసలు పేరు రాయను, ముత్తయ్య అనుకోండి. కోంటా దగ్గర మరైగూడ వాళ్లు, దోర్లలనే ఆదివాసీలు. ఇక్కడ ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, కింద లోడింగు పనికి వచ్చాడు. డ్యూటీ దిగి నేరుగా మా ఇంటికొచ్చి, తల నుంచి చెప్పుల దాకా ఎర్రగా, కుర్చీ అంచున కూర్చుని ఫోను నా చేతికిచ్చేవాడు. అందులో వాళ్లమ్మ పాటలుండేవి. ఆవిడ ఇక్కడి ఆసుపత్రిలో చూపించుకోవడానికి వచ్చి కొన్నాళ్లు కొడుకు దగ్గరే ఉంది. విత్తనాల పండగకు పాడే దోర్లీ పాటలు మొదట్నుంచి చివరిదాకా వచ్చినవాళ్లలో వాళ్ల ఊళ్లో ఆవిడే మిగిలిందట. ఫోనులో చోటు చాలక, పాటలన్నీ నా కంప్యూటర్‌లోకి ఎక్కించి ఫోను ఖాళీ చేసుకునేవాడు.

ఒకసారి ఆవిడ మా వరండాలోనే కూర్చుని పాడింది. మధ్యలో ఆగి, ఫోను వైపు చూపించి, "దొరికిందా?" అని నన్నడిగింది. దొరికిందన్నాను. నా దగ్గర భద్రంగా ఉంటుందని కూడా అన్నాను. ఆ వానాకాలంలోనే ఆవిడ పోయింది.

నా కంప్యూటర్‌లో రెండు డిస్కులు. చిన్నదాంట్లో లినక్స్ ఉంటుంది, పెద్దదాంట్లో దాచుకున్నవన్నీ ఉంటాయి. కొత్త రకం వేసేటప్పుడు ఏ డిస్కు తుడిచెయ్యాలో అడుగుతుంది. ఎప్పుడూ మొదట చిన్నదే కనిపించేది. ఎన్నోసార్లు చేసిన పని కదా, చదవడం మానేశాను. ఆవిడ పోయిన కొద్ది రోజులకే, ఒక మధ్యాహ్నం కరెంటు పోయేలా ఉంది, లైటు మినుకుమంటోంది. పోయేలోపు పని అయిపోవాలని మొదటిదాని మీద నొక్కేశాను. ఆ రోజు మొదట ఉన్నది పెద్దది. పని పూర్తయ్యాక తెరిచి చూస్తే దాచుకున్నవేవీ లేవు.

అక్కడే ఆగి ఉంటే? కంప్యూటర్ ఆపేసి, ఆ డిస్కు మీద ఇంకేమీ రాయకుండా, తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లి ఉంటే పాటల్లో కొన్నయినా వెనక్కి వచ్చేవి. ఇది నేను పిల్లలకు చెప్పే పాఠమే. కానీ తీసుకెళ్తే ఏం జరిగిందో చెప్పాలి. కంప్యూటరక్క చూడకుండా నొక్కేసిందని కాలనీ అంతా అనుకుంటారు. మర్నాడు అదే డిస్కు మీద ఇంకో రకం లినక్స్ వేశాను. ఎందుకు వేశాను? ఆనవాలు మిగలకూడదనే. మొదటిది పొరపాటు. ఇది మాత్రం తెలిసి చేసిన పని.

కొన్నాళ్లకు ముత్తయ్య వచ్చాడు. ఊళ్లో వాళ్లమ్మ పెద్దకర్మ. చుట్టాలందరికీ ఆవిడ పాటలు వినిపించాలని డ్యూటీ నుంచి అటే వచ్చేశాడు.

"డిస్కు పాడైపోనాది తమ్ముడూ," అన్నాను. "లోపలికి ఎర్ర దుమ్మెల్లిపోయినట్టుంది."

కాసేపు తెర వైపు చూశాడు. తర్వాత తన చొక్కా వైపు చూసుకున్నాడు.

"నా దుమ్మేనా అక్కా? డ్యూటీ కెల్లి సీదా వచ్చి ఈడనే కూసుంటి గద."

హార్డ్ డిస్క్ గట్టిగా మూసి ఉండే డబ్బా. ఎవరి చొక్కా దుమ్మూ దాన్ని పాడు చెయ్యదు. నాకది తెలుసు. అప్పుడైనా నిజం చెప్పొచ్చు. కనీసం, నీ వల్ల కాదని ఆ ఒక్క మాటైనా అనొచ్చు.

"ఏటి చెప్తాం తమ్ముడూ," అన్నాను.

అతను లేచి, తను కూర్చున్న కుర్చీని అరచేత్తో తుడిచి వెళ్లిపోయాడు. వాళ్లమ్మ పాటలు తన చేతులతోనే పోగొట్టుకున్నానని నమ్మాడు. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా బయట కుళాయి దగ్గర కాళ్లూ చేతులూ కడుక్కుని గుమ్మం బయట మెట్టు మీదే కూర్చుంటాడు. లోపలికి రమ్మంటే, "వద్దక్కా, దుమ్ము," అంటాడు. టీ కూడా అక్కడే తాగి, గ్లాసు కడిగి పెట్టి వెళ్తాడు. నేను లోపల ఆ డిస్కు మీద ఎన్ని రకాల లినక్స్ వేశానో, ఎన్ని తీశానో. వేసినప్పుడల్లా ఆవిడ గొంతు మీద ఇంకో తట్ట మట్టి పోసినట్టే. తెలిసి కూడా మానలేదు. మానేస్తే ఎందుకు మానేశావని మా ఆయన అడుగుతారేమోనని అదొక భయం.

మొన్న ముత్తయ్య ఫోను చేశాడు. అతని మేనకోడలు జగదల్‌పూర్‌లో కంప్యూటర్ కోర్సు చదువుతోంది. "పాడైన డిస్కుల కెల్లి గూడ తీస్తరంట అక్కా. పడెయ్యలేదు గద?" అన్నాడు. ఆ గొంతులో ఆశ వినిపించింది. ఉందన్నాను. ఇన్నేళ్లలో ఆ డిస్కు గురించి అతనితో చెప్పిన నిజం అదొక్కటే. ఈ ఆదివారం ఇద్దరం వస్తామన్నాడు.

ఆ పిల్లకు డిస్కు ఇస్తే ఇట్టే పట్టేస్తుంది. నిక్షేపంగా పనిచేస్తోందనీ, మొన్న మొన్నటిదాకా వాడుతూనే ఉన్నారనీ తెలిసిపోతుంది. అప్పుడు ముత్తయ్య నా మొహం వైపు చూస్తాడు. మీకు ఇంకొకటి కూడా చెప్పాలి. నిన్న రిపేరు షాపుకెళ్లి నిజంగానే పాడైపోయిన డిస్కు ఒకటి అడిగి తెచ్చాను. అచ్చం అలాంటిదే. న్యూస్ పేపర్లో చుట్టి ఈ కీబోర్డు పక్కనే ఉంది. అది ఇచ్చి పంపిస్తే ఎవరికీ ఏమీ తెలియదు. అతను మాత్రం ఆ మెట్టు మీదే ఉండిపోతాడు.

ఇవాళే ఆదివారం. మా ఆయన డ్యూటీకి వెళ్లారు. పొద్దున ఎవరూ లేని ఇంట్లో ఒకసారి పైకి అని చూశాను: "నీ దుమ్ము కాదు ముత్తయ్యా. నేనే చెరిపేశాను." మాట బయటికొచ్చింది. ఎన్నాళ్లకో గుండె కాస్త తేలికపడింది. అతను క్షమిస్తాడని అనుకోవడం లేదు. క్షమించినా ఆ పాటలు రావు.

బయట కుళాయి తిప్పిన చప్పుడైంది. వచ్చేశారు. కాళ్లు కడుక్కుంటున్నాడు. ఆ పిల్ల ఏదో అడిగితే, "లోపటికి నువ్వు పో, నేను ఈడనే ఉంట," అంటున్నాడు.

పేపర్లో చుట్టినదాన్ని ముట్టుకోకుండా కంప్యూటర్ ఆపేస్తున్నాను.