గుమ్మం దగ్గర చెంబు నీళ్లు

లడాఖ్‌లోని మా పోస్టుకు నేను చేరింది మధ్యాహ్నం మూడు గంటలకు. చైనా యుద్ధం అయిన మరుసటి శీతాకాలం. చివరి నాలుగు మైళ్లు కంచరగాడిదల వెనక నడిచాను. రాతిగుట్ట మీద ఒక బంకరు, ఒక కిరోసిన్ స్టవ్వు, నాతో కలిపి నలుగురం. చెట్టన్నది లేదు. గాలి ఆగేది కాదు.

రేడియో ఆపరేటరు, వంటవాడు ఉత్తరాది వాళ్లు. నా హిందీ ఆర్డర్లు అర్థమయ్యేంత వరకే. మా నలుగురికీ పెద్ద ఒక నాయక్. నా కాగితాలు చూసి, "పులికాటోడివా? మాది చిల్లకూరబ్బా" అన్నాడు. రెండు నెలలుగా తెలుగు వినలేదేమో, ఏడుపొచ్చేసింది.

ఆయన ముందటేడు యుద్ధంలో తూటాల మధ్య నుంచి బయటపడ్డ మనిషి. దాని గురించి అడిగితే టీ పొంగుతోంది చూసుకోమనేవాడు. చదువుకున్నవాడు. సైన్యం వదిలాక బ్యాంకులో ఫ్యాను కింద ఇస్త్రీ చొక్కాతో కూర్చుంటానని చెప్పి, తనే నవ్వేవాడు.

కాళ్లకు తడి తగలకూడదు, తగిలితే వెంటనే చెప్పాలి. మొదటి రోజే ఇచ్చిన ఆర్డరు. అజాగ్రత్తతో కాళ్లు చెడగొట్టుకుంటే శిక్ష కూడా ఉండేది.

నాలుగో రోజు నేను చేసిన పని ఇప్పటికీ నాకే నమ్మబుద్ధి కాదు. మా ఇంట్లో పడవ దిగి వచ్చినవాళ్లు బురద కాళ్లతో గడప దాటితే అమ్మ ఊరుకునేది కాదు. ఆ రోజు మంచు తవ్వి మోసుకొచ్చి కరగబెట్టాను. అలిసిపోయాను. ఇంటి అలవాటున బూట్లు విప్పి, మగ్గుతో గోరువెచ్చని నీళ్లు ముంచి, బంకరు గుమ్మంలో నిలబడి రెండు కాళ్ల మీదా పోసుకున్నాను. శుద్ధ తెలివితక్కువతనం. పైగా ఆ తడి మీదే మేజోళ్లు తొడుక్కున్నాను. భయంతో ఎవరికీ చెప్పలేదు.

గంటకల్లా వేళ్లు పాలిపోయాయి. గిల్లినా తెలియడం లేదు. నా నడక చూసి నాయక్ పట్టేశాడు. తిట్టలేదు. నన్ను పడుకోబెట్టి, చొక్కా గుండీలు విప్పి, నా పాదాలు తన పొట్టకు ఆనించుకుని పైన కోటు కప్పాడు. ఆయన ఒళ్లు జలదరించడం నా అరికాళ్లకు తెలియలేదు, చూశాను.

నాలుగింటికి సెంట్రీ డ్యూటీ నాది. ఆయన తన కాళ్లకున్న మేజోళ్లు తీసి నాకు తొడిగాడు. ఉతికిన తన రెండో జత ఇంకా ఆరలేదు. అదే వేసుకుని నా బదులు వెళ్లాడు. రెండు గంటల డ్యూటీ. ఇంతలో మంచుగాలి లేచింది. ఆయన బదులు నిలబడడానికి బయల్దేరిన వంటవాడు దారి కనబడక రెండుసార్లు వెనక్కి వచ్చాడు. నాయక్ బంకరు చేరేసరికి ఎనిమిదైంది.

పొద్దున రేడియోలో అధికారి, ఆయన ఎడమ కాలు మంచుకు చెడిన కారణం అడిగాడు. నాయక్ రిసీవరు తీసుకుని, తన బూటు చిరిగి తడి దిగిందని చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. పిరికివాణ్ణి.

పదింటికి ఆయన్ని కంచరగాడిద మీద కిందికి తీసుకెళ్లారు. వెళ్తూ వంగి, "ఎవరికీ చెప్పబాక" అన్నాడు. తరువాత నాలుగు నెలలు ఆ గుట్ట మీద నాతో తెలుగు మాట్లాడే మనిషి లేడు. ఆయనతో నాలో నేనే మాట్లాడుకునేవాణ్ణి. రెండు గొంతులూ నావే.

మొన్న గూడూరులో ఆయన ఫొటోకు దండ వేసి, మంచి బ్యాంకాయన అన్నారు. నిజం. యుద్ధంలో తూటా తగిలి కాలు చెడిందన్నారు. అది నిజం కాదు. అది నా వల్ల. ఇన్నేళ్లకు ఆయన ఆర్డరు తప్పుతున్నాను.

ఆయన కాలు చెడిన మరుసటి ఏడు లడాఖ్ నుంచి సెలవుకు వచ్చినప్పుడు, రైలు దిగి నేరుగా ఆయన చేరిన బ్యాంకుకే వెళ్లాను. అందరి ముందూ ఒప్పుకుందామనే వెళ్లాను. మెట్ల పక్కన బకెట్టు నిండా నీళ్లు, ఒక ఇత్తడి చెంబు. మడి నుంచి, చేపల వేట నుంచి వచ్చినవాళ్లు బురద కాళ్లతో లోపలికి రావడానికి సిగ్గుపడి బయటే నిలబడుతుంటే, కొత్తగా చేరిన మిలట్రీ సారు పెట్టించారని ప్యూను చెప్పాడు.

ఆయన ఇస్త్రీ చొక్కాతో కుంటుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. నేను "అన్నా, ఆ రోజు..." అన్నాను. ఆయన వంగి చెంబు ముంచాడు.

"బూట్లిప్పు తమ్ముడా. కాళ్లు కడుక్కోని రా. ఇక్కడేం గాదులే."

విప్పాను. నీళ్లు ఆయనే పోశాడు. నావి పది వేళ్లు. పక్కనే ఆయన ఎడమ చెప్పులో రెండు.