మెడ దగ్గరి పికప్

“వదినా, నువ్వు వాయిస్తున్నావా, ఊరికే పట్టుకుని నిలబడ్డావా?”

హోటల్లో సాయంత్రం పాటలయ్యాక వైర్లు చుట్టుకుంటూ మరిది అడిగాడు. ఎగతాళికి కాదు. తన కీబోర్డు పక్కనే వదిన వాయించిన గిటార్ అతనికి నిజంగానే వినపడలేదు.

ఆవిడ పగలు పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చుంటుంది, సాయంత్రాలు హోటల్ భోజనాల హాల్లో గిటార్ వాయిస్తుంది. బృందంలో గాయని, డ్రమ్మర్, మరిది, తను. వచ్చే నెల నుంచి ముగ్గురు చాలని మేనేజరు చెప్పేశాడు. పోయే మనిషెవరో ఆవిడకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వినపడనివాళ్ళకు జీతమెందుకిస్తారు? సంగీతం ఆత్మల భాష అని ఉపన్యాసాలిచ్చేవాళ్ళు ఆ స్పూన్ల చప్పుడు మధ్య ఒక్క పాట వాయించి చూపిస్తే బాగుంటుంది.

చిక్కంతా గిటార్ మెడకు దగ్గరగా బిగించిన పికప్‌తో. తీగల కింద ఉండే అయస్కాంతం, దానికి చుట్టిన సన్నటి రాగితీగ, అంతే పికప్ అంటే. మీటిన తీగ కదలికను స్పీకరుకు అందించేది అదే. మెడ వైపుది మెత్తగా, నిండుగా పలుకుతుంది. ఆవిడ పడకగదిలో తలుపేసుకుని, ఒక్కతే వాయించుకుని, మురిసిపోయి ఎంచుకున్నది. గిటార్‌వాళ్ళకున్న జబ్బే అది. నలుగురిలో వాయించాల్సినదాన్ని ఒంటరిగా విని కొంటారు.

మార్చడానికి దుకాణానికి వెళ్తే అక్కడ రకరకాల పికప్‌లు బిగించిన గిటార్లున్నాయి. ఆవిడ చెయ్యి మళ్ళీ మెత్తగా పలికేదాని మీదికే పోయింది. దుకాణదారు అంతకంటే తియ్యగా పలికేది ఇంకోటి తీశాడు. వెంట వచ్చిన మరిదికి ఓపిక నశించింది. ఇంటికెళ్ళి కీబోర్డు మోసుకొచ్చి, కౌంటర్ మీది సామాను పక్కకు జరిపి, రోజూ హోటల్లో వాయించే కింది స్వరాలే ఎడమచేత్తో మొదలుపెట్టాడు.

“ఇప్పుడు వాయించు వదినా.”

తియ్యటివన్నీ ఆ స్వరాల్లో పంచదారలా కరిగిపోయాయి. సన్నగా పలికేది ఒక్కటే తేలింది. విడిగా వింటే జలుబు చేసిన మనిషి పిలిచినట్టుంది. తనకు నచ్చిన గొంతు వేరు, హాల్లో చెల్లే గొంతు వేరని ఒప్పుకోవడానికి ఆవిడకు మనసు రాలేదు.

“దీన్ని ఎవరు భరిస్తారు?”

“మా అన్నయ్య నిన్ను భరించట్లా? వినపడుతోంది, తీసుకో.”

అదే బిగించారు. భోంచేసేవాళ్ళు తల తిప్పి చూడడం మొదలైంది. ఆవిడ తప్పులూ వినపడ్డాయి, దాంతో ఇంట్లో సాధన పెరిగింది. ఆ గొంతు మీద ఇష్టం మాత్రం కలగలేదు. నెలాఖరున మేనేజరు పిలిచి, గిటార్ ఇంత బాగా పలుకుతుంటే కీబోర్డు దేనికని తేల్చేశాడు.

మరిదిని త్యాగమూర్తిని చెయ్యకండి. తన చోటుకు ఢోకా లేదనుకున్నాడు కాబట్టే కీబోర్డు మోశాడు. ఆవిడా తను మానుకుంటానని మేనేజరుతో అనలేదు. ఆ జీతం ఇంటికి కావాలి. కొన్నాళ్ళు మరిది ముఖం చాటేశాడు. ఒక ఆదివారం వచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడి అన్నాడు:

“నీకు ఆ తియ్యటిదే కొనాల్సింది.”

“నేనూ అదే అన్నాగా,” అంది ఆవిడ, తలెత్తకుండా.

ఆ రోజు దుకాణంలో డబ్బు కట్టింది మరిదే. అందులో సగం ఆవిడ ఇంకా ఇవ్వాలి.