బొట్టు పెట్టకుండా ఇచ్చిన చీర

ఇది ఒక మహాగాథ. ఇందులో పట్టు ఉంది, ఆయుధం ఉంది, నమ్మకద్రోహం ఉంది, ఆరు నెలల అజ్ఞాతవాసం ఉంది, రెండు జిల్లాలు దాటిన యాత్ర ఉంది.

నిజం చెప్పాలంటే ఆయుధం కత్తెర. యాత్ర ఆర్డినరీ బస్సులో, కిటికీ రేకు మూతపడని సీట్లో. అజ్ఞాతవాసం చేసింది ఒక చీర, కర్నూలులో నా హాస్టలు మంచం కింద. కాబట్టి మహాగాథ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ద్రోహం మాత్రం ఉంది. అది చేసింది నేనే.

మాది బనగానపల్లె. నాన్నది బట్టల అంగడి. మిఠాయి అంగడి పిల్లలకు లడ్డు మీద ఎంత ఆశ ఉంటుందో నాకు కొత్త బట్టల మీద అంత ఆశ. ఒకసారి పండగకు ముందు అటక శుభ్రం చేస్తుంటే, ఒక్కరైనా ఒక్కసారైనా కట్టకుండానే మడతల్లో చివికిపోయిన చీరలు కట్టలు కట్టలుగా బయటపడ్డాయి. ఇన్ని బట్టలు ముందే ఉన్న లోకంలో ఇంకొకటి కొనడం దేనికని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. నేను తన అంగడి మూయించడానికే పుట్టానని నాన్న అన్నాడు. ఒకరు విడిచిన బట్ట కట్టుకుంటే వాళ్ల కష్టాలు కూడా ఒంటి మీదికొస్తాయని అమ్మ భయపడింది. కొలతలొస్తే చాలు, కష్టాల సంగతి తర్వాత చూద్దామన్నాను.

కర్నూలులో ఒక కాలేజీ ఆఫీసులో పనికి చేరాక ఒట్టు బాగా సాగింది. పెళ్లై వెళ్లిపోయే హాస్టలు అమ్మాయిలు వదిలేసే పెట్టెలు, ఆదివారం రోడ్డు పక్క పోసే గుట్టలు, ఒళ్లు చేసిన స్నేహితురాళ్ల బీరువాలు, ఇవే నా అంగళ్లు. గుట్టలో కళ్లతో కాదు, వేళ్లతో వెతకాలి. నూలు వేళ్లకు దొరుకుతుంది, నైలాను జారిపోతుంది. దొరికాక చంక కింద చూడాలి, కాలరు ఎత్తి చూడాలి, జిప్పు మూడుసార్లు లాగి చూడాలి, చివరికి లోపలి కుట్టు తిప్పి చూడాలి. పెళ్లిచూపుల్లో కూడా ఎవరూ ఇంత జాగ్రత్త పడరు. ఆఫీసులో అందరికంటే బాగా తయారయ్యేది నేనేనని మా సూపరింటెండెంటు మేడమే అనేది. ఆ చొక్కా ఎక్కడ కొన్నావంటే మాత్రం, గుట్టలో అని చెప్పడం నాకు మహా సరదా.

కడపలో మా పెద్దమ్మ ఉంది. అమ్మకు అక్క. కింద ఉమ్మడి కిరాణా అంగడి, పైన ఇల్లు. పెదనాన్న పోయిన మూడు నెలలకు అమ్మా నేనూ చూడడానికి వెళ్లాం. మేం వెళ్లేసరికి పెద్దమ్మ తోడికోడలు బీరువా తెరిచి, రంగు చీరలన్నీ మంచం మీద వేస్తోంది. ఇంక అక్క ఇవి కట్టదు కదా, ఇంట్లో ఆడపిల్లలకు పనికొస్తాయి అంటోంది. అందులో దుర్మార్గం ఏమీ లేదు. అంచులు కలిపి ఎంతో పొందికగా మడుస్తోంది కూడా. పెద్దమ్మ గోడకానుకుని కింద కూర్చుని, ఎవరి చీరలో అన్నట్టు చూస్తోంది.

మేం బయలుదేరే ముందు, అమ్మ వంటింట్లో మాకు కట్టిచ్చిన పచ్చడి సీసాలు సర్దుకుంటుంటే, పెద్దమ్మ నన్ను మెట్ల దగ్గరికి పిలిచి ఒక గుడ్డసంచి చేతిలో పెట్టింది.

"దీన్ని కర్నూలుకు తీసుకుపో పాపా. ఈడ వద్దు."

అమ్మ దిగిపోయాక బస్సులో తెరిచి చూశాను. వంగపండు రంగు ధర్మవరం పట్టు, ఆవపిండి రంగు అంచు. దాని మీదికి జాకెట్టు కూడా ఉంది, పెద్దమ్మ కొలతకు కుట్టినది.

మా ఇళ్లల్లో చీర ఇవ్వడానికి ఒక పద్ధతి ఉంది. బొట్టు పెట్టి, పసుపూ కుంకుమా చేతికిచ్చి, ఆకూవక్కతో పాటు ఇస్తే ఆ చీర ఇక మనది. బొట్టు లేకుండా చేతికొస్తే అది అరువు. ఉతికి, ఇస్త్రీ చేయించి, తిరిగి ఇచ్చేయాలి. ఇది నాకు గౌను వేసుకునే వయసు నుంచీ తెలుసు. పెద్దమ్మ బొట్టు పెట్టలేదు. ఆమె ఇక ఎవరికీ పెట్టదు కదా, అందుకే పెట్టలేదని నాకు నేనే చెప్పుకున్నాను. ఇలాంటి ఆచారాలను ఎక్కడ కనపడితే అక్కడ వెక్కిరించే మనిషిని నేను. ఆ రోజు మాత్రం ఎవరూ అడగకుండానే, ఆ ఆచారాన్ని తీసుకెళ్లి ఆమె నెత్తిన పెట్టాను. తన కొలత జాకెట్టు నాకెందుకు ఇచ్చిందని కూడా ఆలోచించలేదు.

ఆరు నెలలు మంచం కింద ఉన్నాక, అంత మంచి పట్టు ఊరికే పడి ఉండడం నా సిద్ధాంతానికి విరుద్ధమనిపించింది. పాతబస్తీలో నేనెప్పుడూ వెళ్లే ముసలి టైలరు దగ్గరికి తీసుకెళ్లాను. మాస్టరు అద్దాలు పైకెత్తి, చీరను వెలుతురులో పట్టి, చాలాసేపు చూశాడు.

"ఇది కట్టేది బేటీ, కోసేది కాదు. ఇంట్లో అడిగినావా?"

కట్టేవాళ్లు లేరు మాస్టర్, అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు. పట్టకపోతే ఫోను చూస్తూ పడుకుంటాను, అది వేరే విషయం.

కొలతలు తీసుకుంటూ, లోపల రెండంగుళాలు వదులుతానని, రేపు ఒళ్లు చేస్తే విప్పుకోవచ్చని మాస్టరు అన్నాడు. వద్దన్నాను. లోపల ముద్దగా ఉంటే పని శుభ్రంగా కనపడదు. కుర్తా అయింది. పమిట భుజానికి వేసుకునే సంచి అయింది. మిగిలిన అంచు హాస్టల్లో పదకొండు మంది జడలకు రబ్బరుబ్యాండ్ల మీద తొడుగులయింది. ఒక్క పేలిక కూడా వృథా పోలేదని కనపడ్డ వాళ్లందరికీ చెప్పాను. వాళ్లు మెచ్చుకున్నారు. వినయంగా తల వంచుకోవడం కూడా బాగా చేశాను.

పెదనాన్న పోయిన రెండేళ్లకు పెద్దమ్మ ఫోను చేసింది. తను ఎప్పుడూ అమ్మకే చేస్తుంది, నాకు చేయడం అదే మొదలు.

"పాపా, ఆ వంగపండు చీర తెచ్చియ్యాల నువ్వు. మా పదో తరగతోళ్లంతా వచ్చే నెల కలుస్తాండారు. నేను అదే కట్టుకుంటా."

ఆమే చెప్పుకుపోయింది. రెండేళ్లుగా బూడిద రంగులే కడుతోందట. కట్టమని ఎవరూ చెప్పలేదు, వద్దని ఎవరూ అనలేదు, కానీ ఇంట్లో అందరూ చూసే చూపుకు జడుసుకుందట. బీరువా ఖాళీ చేస్తుంటే ఆ ఒక్కదాన్ని దాచుకుంది. పెదనాన్న ధర్మవరం తీసుకెళ్లి, ఈసారి నువ్వే ఏరుకో అని అంగట్లో పక్కకు జరిగి కూర్చున్నాడట. పెళ్లైన ఇరవై ఏడేళ్లలో ఆమె తనకు తాను ఏరుకున్న చీర అదొక్కటే.

"నీ కాడుంటే భద్రంగా ఉంటాదనుకున్యా. కొత్తవి కొనవంట గదా నువ్వు, పాతవాటి మీద గౌరవం ఉండేదానివి." ఫోను పెట్టేసే ముందు, "జాకెట్టు ఉండాది గదా?" అని అడిగింది.

ఉందన్నాను. అందులో అబద్ధం లేదు. జాకెట్టు ఉంది.

తర్వాత పది రోజులు నేను వెతికినంతగా కర్నూలులో పాత బట్టల కోసం ఎవరూ వెతికి ఉండరు. గుట్టలన్నీ తిరగేశాను. ఫోను గ్రూపుల్లో ఫొటో పెట్టాను. పాత పట్టుచీరలు కొని జరీ కోసం కాల్చే వాళ్ల దగ్గరికి కూడా పోయాను. కాల్చబోయే మూట విప్పి చూపించారు. అందులో వంగపండు రంగు ఒకటి ఉంది, అంచు మాత్రం ఎరుపు. ఎంత ఆవపిండి రంగని చూద్దామన్నా ఎరుపే. పదకొండు మంది జడల నుంచి తొడుగులు వెనక్కి అడిగాను. నాలుగు దొరికాయి. నాలుగు తొడుగులతో చీర తయారు కాదు.

పదకొండో రోజు కడప బస్సెక్కాను. నంద్యాల దాటేదాకా ఏం చెప్పాలో తయారు చేసుకున్నాను. మైదుకూరు దగ్గర అదంతా పనికిరాదని తేలింది.

నేను వస్తున్నానన్నానని, చీర కట్టి చూసుకోవడానికి పెద్దమ్మ తలస్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని ఉంది. మంచం మీద లంగా ఇస్త్రీ చేసి పెట్టుకుంది, సరిగ్గా ఆ రంగుదే. నేను సంచిలోంచి కుర్తా తీసి దాని పక్కన పెట్టాను. ఒక మంచి జోకు కూడా సిద్ధం చేసుకుని వచ్చాను. అది నాలోనే ఉండిపోయింది.

ఆమె కుర్తాను చూసింది, నన్ను చూసింది. సంచిలో ఇంకేమైనా ఉందేమోనని చూసింది.

"నువ్వు నాకిచ్చేసినావనుకున్యా పెద్దమ్మా."

"ఇచ్చుంటే మీ అమ్మతో బొట్టు పెట్టిచ్చి ఇచ్చుండనా పాపా?" అంది. కోపంగా కాదు. లెక్కల్లో తప్పు చేసిన పిల్లకు చెప్పినట్టు. "వంటింట్లోనే ఉండె గదా."

నిజమే. అమ్మ అయిదడుగుల దూరంలో, పచ్చడి సీసాల దగ్గరే ఉంది.

పెద్దమ్మ కుర్తా చేతిలోకి తీసుకుని, మెడ దగ్గర కుట్టు మీద వేలు పెట్టి చూసింది. కుట్టు శానా బాగుండాదంది. తర్వాత దాన్ని పట్టుకుని లోపలి గదిలోకి పోయి తలుపు వేసుకుంది. నేను బయట నిలబడ్డాను. కింద అంగట్లో ఎవరో ఉద్దిబేళ్లు అడుగుతున్నారు.

కాసేపటికి లోపలి నుంచి పిలుపు వచ్చింది.

"పాపా, ఇది యాడో పట్టుకున్యాది. రా."

వెళ్లాను. ఆమె రెండు చేతులూ పైకెత్తి గది మధ్యలో నిలబడి ఉంది. కుర్తా భుజాల దగ్గర బిగుసుకుపోయింది. ముఖం మొత్తం వంగపండు రంగు గుడ్డ లోపలే ఉంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందో ఏడుస్తోందో బయటికి తెలియలేదు, అడిగే ధైర్యం నాకు లేదు.

"లోపల గుడ్డ వదిలినాడేమో సూడు," అంది గుడ్డలోంచే. "విప్పుకుంటే సరిపోతాది."

పక్క కుట్టు తిప్పి చూశాను. లోపల అరంగుళం ఉంది.